పెళ్లి పాటలో పెట్టిన సంతకం

పోయిన వారం ఐలవ్వను పెద్దపల్లి బస్టాండులో వదిలివచ్చాం. కరీంనగర్ బస్సు మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు. ఎక్కితే ఏం వినాల్సి వస్తుందోనని భయం, ఎక్కకపోతే ఏం జరిగిపోతుందోనని భయం. వెనకనున్న మనిషి "ఎక్కుతవా, తొవ్వన్న ఇడుస్తవా?" అని కసిరితే గాని రెండో కాలు లేవలేదు.

మందమర్రి గని కాలనీలో బుధవారం సాయంత్రం ఒక సినిమా ఆడింది. రెండు గుంజలకు కట్టిన తెల్ల దుప్పటి మీద ఆడింది. పడుచు పిల్లలు చెడు తోవ పట్టకుండా పాటలతో చెబితే వింటారని, కరీంనగర్ మిషన్ స్కూల్లో డ్రాయింగూ పాటలూ నేర్పే దేవదాస్ మాస్టారు తీసిన సినిమా. బొమ్మ ఒక మిషనులో, పాట టేపు రికార్డరులో. రెండూ ఒకదాన్నొకటి అందుకోలేక, మనిషి నోరు మూసినాక పాట వచ్చేది. కాలనీ పిల్లలు పడీపడీ నవ్వారు. ఐలవ్వ నవ్వలేదు. అందులో హీరోయిన్ ఆమె ఒక్కగానొక్క కూతురు సువార్త. హాస్టల్లో ఉండి పన్నెండో తరగతి ముగించి, నర్సు ట్రైనింగు పిలుపు కోసం అక్కడే ఎదురు చూస్తున్న పిల్ల.

ఎనిమిది పాటల్లో ఏడు పాటల దాకా తల్లి కడుపు చల్లగానే ఉంది. ఎనిమిదోది పెళ్లి పాట. తెల్ల చీరలో సువార్త, పక్కన కొండల్ అనే పిల్లవాడు, ఎదురుగా నిజమైన సంఘ కాపరి, సమాధానం అయ్యగారు. పాట చివర ఇద్దరూ ఒక పెద్ద పుస్తకం మీదికి వంగి సంతకాలు పెట్టారు. ఆ పుస్తకానికి కుడివైపు కింది మూల కాలి ఉంది.

ఆ కాలిన మూల ఐలవ్వకు తెలుసు. పందొమ్మిదేళ్ల కింద తన పెళ్లినాడు కొవ్వొత్తి ఒరిగి అంటుకుంటే, పెళ్లికూతురై ఉండి తన అరచేత్తోనే ఆర్పింది. అది బొమ్మ పుస్తకం కాదు. సంఘం పెళ్లిళ్ల రిజిస్టరు.

మర్నాడే ట్రైనింగు వాళ్ల ఉత్తరం వచ్చింది. పెళ్లి కాని పిల్లలనే తీసుకుంటారట. పిల్లకు పెళ్లి కాలేదని సంఘ కాపరి రిజిస్టరు చూసి రాసిచ్చిన కాగితం వచ్చే గురువారంలోగా అందాలట.

అదీ సంగతి. ఇక బస్సు సుల్తానాబాద్ దాటింది.

*

కిటికీ అవతల కోతలైన పొలాల్లో వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఐలవ్వ కళ్లకు అవి ఆనడం లేదు. ఒళ్లో సద్దిమూట, మూటలో ఉత్తరం. ఊరు ఊరుకూ మూట తడిమి ఉత్తరం ఉందో లేదో చూసుకుంటోంది. ఆమె మనసుకు ఒక అలవాటుంది. జరగాల్సిన చెడునంతా ముందే తనకు తాను చూపించుకుంటుంది, అలా చూసేస్తే అది జరగదేమోనన్నట్టు. ఇప్పుడు కనబడుతున్నది సువార్త. తెల్ల నర్సు టోపీతో, ట్రంకు పెట్టె మీద, ఊరు కాని ఊళ్లో, రైలు స్టేషన్లో ఒంటరిగా. ట్రైనింగు నడిమధ్యలో ఎవరో రిజిస్టరు తిరగేసి "ఈ పిల్లకు పెళ్లయింది" అని తేల్చారు. వెళ్లగొట్టారు. వెళ్లగొట్టినాక కొండల్ వచ్చి "నా భార్య" అన్నాడు. సర్కారోళ్లు అవునన్నారు.

"యేసయ్యా, గంత దూరం తేకు తండ్రీ" అని పైకే అనేసింది. పక్క సీటామె తిరిగి చూసింది.

బయలుదేరేటప్పుడు భర్త ముత్తయ్యతో జరిగిన మాటలు గుర్తొచ్చాయి. ముత్తయ్య గనిలో బొగ్గు నింపే మనిషి. ముప్పై ఏళ్ల వయసులో బొగ్గు పెళ్ల పడి కుడిచేతి బొటనవేలు నిలువునా చీలింది. కుట్లు మానినా గీత మానలేదు. జీతం కాగితం మీద వేలు వేస్తే ముద్ర రెండు ముక్కలుగా పడుతుంది. మేస్త్రీలు దాన్ని చూసి "ముత్తయ్య వేలే ఇద్దరు మనుషులు" అని నవ్వుతారు.

"సినిమాల సస్తే నిజంగ సస్తరానే? పెండ్లి గూడ గంతే" అన్నాడు ముత్తయ్య, బూట్ల తాళ్లు కట్టుకుంటూ.

"బుక్కు నిజందే. మూల కాలినదే. నా చెయ్యి కాలింది, నాకెర్కలేదా?"

"నీకు దీపం వట్టుకొని కీడు ఎతుకుడు అలవాటు. ఏమన్న దొర్కకపోతే నిదుర రాదు."

"గైతే నువ్వు రా నాతోని. ఒకపారి సూసొద్దాం."

"షిఫ్టున్నది" అని లేచాడు. గడప దాటి, మళ్లీ వెనక్కి వచ్చి, ఆమె మొహం చూడకుండా లాంతరుకేసి చూస్తూ అన్నాడు: "పోతే పో. కని పిల్లను గట్టిగ అడుగకు."

సినిమా ఆడిన సాయంత్రం కూడా పెళ్లి పాట మొదలు కాగానే బీడీ కాల్చుకుంటానని లేచిపోయాడు. కూతురు బొమ్మ కంటే బీడీ ఎక్కువా అని ఐలవ్వ ఆనాడు మనసులోనే తిట్టుకుంది.

*

చర్చి ఆవరణలో అడుగు పెట్టేసరికి ఎండ వాలుతోంది. శనివారం కాబట్టి సువార్త పక్కగదిలో ఉంది. ఆదివారం ఆరాధనకు పూలు సర్దడం, గది ఊడ్చడం, బీరువాల దుమ్ము దులపడం ఆమె పని. తల్లిని చూసి చేతిలోని బంతిపూలు బల్ల మీద పడేసి పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా! గిప్పుడొస్తివేంది? బాపు మంచిగున్నడా? బాపు ఏమన్న చెప్పిండా?"

"మీ బాపు ఏం చెప్తడు? ఆయన నోట్ల మాట రావాల్నంటె పట్కారు గావాలె. అయ్యగారేడి?"

సమాధానం అయ్యగారు లోపలే ఉన్నారు. అరవై దాటిన మనిషి, కళ్లద్దాలకు ఒక వైపు దారం. ముప్పై ఏళ్లుగా ఆ సంఘంలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు అన్నీ ఆ చేతి మీదుగానే. ఆయన ఎదుట స్టూలు మీద దేవదాస్ మాస్టారు టేపు రికార్డరు పొట్ట విప్పి కూర్చున్నాడు.

"దండాలయ్యగారు."

"దండాలమ్మా. కూసో. మందమర్రిల సినిమా సూసిండ్రట గద? మెచ్చుకున్నరా?"

"మా పక్కింటి భూమవ్వ ఏడ్సిందయ్యా, పిల్ల ఎంత మంచిగ పాడిందని" అంది ఐలవ్వ. తర్వాత ఉత్తరం తీసి ఇచ్చింది.

అయ్యగారు చదివి ముఖం వికసించగా, "దేవునికి స్తోత్రం! దీనికేముందమ్మా, ఇప్పుడే రాసిస్త" అని కలం తీశారు.

"ముందుగాల బుక్కు తియ్యుండ్రి."

"ఏం బుక్కు?"

"గా మూల కాలిన బుక్కు. పెండ్లిళ్లది."

దేవదాస్ మాస్టారి చేతిలోని మరమేకు కింద పడి బల్ల కిందికి దొర్లింది. ఆయన దాని కోసం వంగి చాలాసేపు లేవలేదు.

*

బీరువా తాళం సువార్త దగ్గరే ఉంది. పుస్తకం తెచ్చి అయ్యగారి ఎదుట పెట్టి, తల్లి పక్కన కాక కిటికీ దగ్గర నిలబడింది. అయ్యగారు పేజీలు తిప్పారు. చివరి పేజీ దగ్గర ఆయన వేలు ఆగింది. కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నారు.

ఐలవ్వకు చదువు కొద్దిగానే వచ్చు. బైబిల్లో ఒక వచనం చదవడానికి మూడు చోట్ల ఆగాలి. అయినా కూతురు పేరు ఎక్కడున్నా పట్టుకుంటుంది. కూడబలుక్కుంటూ చదివింది. పెళ్లికూతురు: సువార్త, తండ్రి ముత్తయ్య, మందమర్రి. పెళ్లికొడుకు: కొండల్, సిరిసిల్ల సాలెవాళ్ల పిల్లవాడు, తల్లీ తండ్రీ పోయాక మిషన్ హాస్టల్లో పెరిగినవాడు. సాక్షులు ఇద్దరు: దేవదాస్ మాస్టారు, హాస్టలు మేట్రన్. అడుగున అయ్యగారి సంతకం, ఎప్పటిలాగే తోక తిప్పి.

"సారూ," అంది ఐలవ్వ. "సినిమాల పిల్ల పేరు శాంతి గద? పిలగాని పేరు ఆనందం గద? గా పేర్లేవి? మా పేర్లెందుకున్నయి?"

దేవదాస్ మాస్టారు నుదురు తుడుచుకున్నాడు. "అమ్మా, పైసల్లేవు మా తాన. ఫిల్ము కొనుడు, బొంబాయికి పంపి కడిగిచ్చుడు, గంతల్నే అయిపోయినయి. ఉత్తుత్తి రిజిస్టరు కుట్టియ్యాలంటె యాడికెళ్లి తేవాలె? జర ఇది ఇయ్యుండ్రని అయ్యగారిని అడిగిన. ఉత్తగ కలం ఆడిచ్చుండ్రి సాలన్న."

"మరి ఉత్తగ ఆడియ్యలేదా?"

జవాబు అయ్యగారే చెప్పారు, పుస్తకం మీద నుంచి కళ్లు తీయకుండా. "ఆడిచ్చుడు నా చేతికి రాలేదమ్మా. ముప్పయ్యేండ్లు దీంట్ల అబద్ధం పేరు రాయలే. శాంతి అని రాద్దామని కలం పెట్టిన. చెయ్యి కదల్లే. లేని మనిషి పేరు దేవుని పుస్తకంల ఎట్ల రాయాలె? ఉన్న పిల్ల పేరే రాసిన. పాపం కాదనుకున్న."

ఐలవ్వ తల పట్టుకొని నేల మీదనే కూలబడింది. అబద్ధానికి భయపడి ముసలాయన తన బిడ్డ మెడకు నిజం కట్టాడు.

"ఒక్క గీత కొట్టుండ్రయ్యా. అడ్డంగ ఒక్క గీత."

"పేజీలకు అంకెలున్నయి. కొట్టేస్తే ఎందుకు కొట్టేసిననో పై వాళ్లకు జవాబు చెప్పాలె. మూణ్నెల్లకోసారి నకలు సర్కారుకు పోతది. ఈ నెలాఖరుకు పోవాలె."

"అమ్మా, పరేషాన్ గాకుండ్రి," దేవదాస్ మాస్టారు అందుకున్నాడు. "ఉత్త సంతకాల తోటి పెండ్లయితదా? పెండ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిల పేర్లు చదవాలె గద? 'ఎవలికన్న అభ్యంతరముంటె చెప్పుండ్రి' అని?"

ఐలవ్వ ప్రాణం లేచొచ్చింది. "అవును! నా పెండ్లికి చదివిండ్రు. మూడు వారాలు! గిది చదవలే గద?"

దేవదాస్ మాస్టారి నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. అయ్యగారు ఆయనకేసి చూశారు.

"మాష్టరూ," అన్నారు అయ్యగారు మెల్లగా, "మొదటి ఆదివారం మబ్బు పట్టింది."

"పట్టింది."

"బీరువా అద్దం విప్పి ఎండను లోపలికి కొట్టిస్తనంటివి. ఎండే లేకపాయె. రెండో ఆదివారం కెమెరాల ఫిల్ము ఇరుక్కున్నది."

"ఇరుక్కున్నది."

"మూడో ఆదివారం మంచిగొచ్చిందంటివి."

ఒక్క బొమ్మ కోసం మూడు వారాలు, నిండు సంఘం ఎదుట, పీఠం మీద నిలబడి సమాధానం అయ్యగారు ఆ రెండు పేర్లూ చదివారు. పీఠం మీద నుంచి మారుపేరు పలకడానికి ఆయన నోరు అప్పుడూ రాలేదు. సినిమా అని తెలిసిన సంఘం నవ్వుకుంది తప్ప, అభ్యంతరం ఉందని ఎవరూ లేవలేదు.

"మరి ప్రమాణాలు?" అంది ఐలవ్వ. "'చావు ఎడబాపే దాక' అని గవి చెప్పాలె గద? చెప్పలేదు గద బిడ్డా? నువ్వు పాటనే పాడినవు గద?"

సువార్త కిటికీ చువ్వ పట్టుకుంది. "పాటనే పాడిన అవ్వా."

"పాడింది, పాటనే" అన్నాడు దేవదాస్ మాస్టారు. ఆగి, ఏదో మింగలేనిది మింగినట్టు, "కని పాటకు మాటలు నేనేమో కైగట్టలేను. రాగం కట్టుడే నా పని. అయ్యగారు చదివే పెండ్లి క్రమంల ఉన్న మాటలే తీసుకొని మోహన రాగంల కూసోబెట్టిన. ఒక్క మాట మార్చలే."

"ఉంగరం?"

"కర్టెన్‌ది. ఇత్తడిది."

"ఇత్తడిదైనా ఉంగరం ఉంగరమే" అన్నారు అయ్యగారు.

ఐలవ్వ భయపడ్డదానికంటే ఎక్కువే జరిగింది. ఇలాంటిది ఆమెకు ఎప్పుడూ ఎదురు కాలేదు. ఎప్పుడూ ఆమె భయమే పెద్దది, జరిగేది చిన్నది. ముత్తయ్య నవ్వేవాడు. ఈసారి నవ్వడానికి ఏముంది? మూడు వారాల పిలుపు, ప్రమాణాలు, ఉంగరం, సంతకాలు, సాక్షులు. తన పెళ్లికి ఉన్నవన్నీ ఉన్నాయి. అన్నం వండలేదు, అంతే.

"అయ్యగారూ, మీ కాళ్లు మొక్కుత. పిల్ల నర్సయితే మా బతుకు బాగయితది. ఆయన పానం గనిల ఎన్నొద్దులుంటదో తెల్వది. సైరన్ మోగినప్పుడల్ల నేను గుమ్మంల నిలవడి సస్త. గా పిల్లకన్న ఎండ తగిలే కొలువు దొరకాలని మొక్కుకున్న. కాగితం రాయుండ్రి."

అయ్యగారు కలం పట్టుకున్నారు. తెల్ల కాగితం మీద కలం మొన ఆనింది. అక్కడే ఆగిపోయింది. సిరా చుక్క ఒకటి ఉబ్బి పెద్దదై పాకింది.

అంతలో ఆయన కళ్లలో ఏదో మెరిసింది. పుస్తకంలో పిల్ల వయసు రాసిన గడి మీద వేలు పెట్టారు.

"సువార్తా, నీకెన్నేండ్లు?"

"పదిహేడు నిండినయి అయ్యగారు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలారు. వదిలి నవ్వారు. ఆ సాయంత్రం ఆ గదిలో మొదటి నవ్వు అది.

"ఐలవ్వా, లే. లేచి కూసో. మన క్రైస్తవుల పెండ్లి చట్టంల ఇరవై ఒకటి నిండని పిల్లకు తండ్రి ఒప్పుకున్నట్టు రాతల ఉండాలె. గది లేకుంట మూడు వారాలు కాదు, మూడు వందల వారాలు చదివినా పెండ్లి కాదు. ముత్తయ్య ఒప్పుదల కాగితం ఏది? లేదు. కాబట్టి ఇది పెండ్లి కాదు. పై వాళ్లకు గదే రాస్త. నీ బిడ్డకు కాగితం గదే చేత్తోని రాసిస్త."

ఐలవ్వ లేచింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. దేవదాస్ మాస్టారు "స్తోత్రం, స్తోత్రం" అంటూ బల్ల కింది మరమేకు ఇప్పుడు వెతికాడు, దొరికింది కూడా.

"నేను ఊకెనే ఆగమైన" అంది ఐలవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "మా ఆయన చెప్పనే చెప్పిండు. సినిమాల సస్తే నిజంగ సస్తరా అన్నడు. మంచిగనే అన్నడు. బిడ్డా, జర నీళ్లియ్యి."

సువార్త కదల్లేదు.

"నీళ్లియ్యే."

"నువ్వే సూసుకో తల్లీ" అని అయ్యగారు పుస్తకాన్ని ఐలవ్వ వైపు తిప్పారు, భయపడ్డ పిల్లకు మంచం కింద ఏమీ లేదని చూపించినట్టు. "ఒప్పుదల కాగితాలన్నీ ఈ వెనక అట్టకు అతికిచ్చిన సంచిల ఉంటయి. సిన్న పిల్లలయి ఈ పదేండ్లల్ల మూడే. మూడుకు మూడు నాకు గుర్తున్నయి." సంచిలో వేళ్లు పెట్టి ఒక్కో కాగితం బల్ల మీద వేశారు. "ఇది తిమ్మాపూర్ పిల్లది. ఇది మన హనుమండ్లు బిడ్డది. ఇది..."

మూడో కాగితం వేశారు. వేళ్లు సంచిలోనే ఉండిపోయాయి. బయటికి వచ్చినప్పుడు వాటి మధ్య నాలుగో కాగితం ఉంది. కొత్తది. గీతల నోటుబుక్కులోంచి చింపినది, మడతలు ఇంకా పదునుగా ఉన్నవి.

అయ్యగారు అది చదవలేదు. చదివి ఉంటే పెదవులు కదిలేవి. పైపైన చూసి ఐలవ్వకు అందించారు, తన చేతిలో అది ఉండకూడదన్నట్టు.

ఐలవ్వ ముందు అక్షరాలు చూడలేదు. అడుగున ఉన్న ముద్ర చూసింది. నీలి సిరాలో బొటనవేలు. నిలువునా చీలిక. వేలొకటి, ముక్కలు రెండు.

పక్కన తేదీ. దసరా వెళ్లిన వారం. కళ్లు మసకలంటున్నాయి, డాక్టరుకు చూపించుకొస్తానని ముత్తయ్య షిఫ్టు మానుకొని కరీంనగర్ పోయి వచ్చిన రోజు. కళ్లకేమన్నారని అడిగితే, "ఏం లేదన్నరు, మంచిగ కనవడుతుంది అన్నరు" అని చెప్పిన రోజు.

అప్పుడు అక్షరాల మీదికి కళ్లు లేపింది. "నా కూతురు సువార్తను కొండల్‌కు ఇచ్చి పెళ్లి చేయుటకు..." కూడబలుక్కోవలసిన పని లేకపోయింది. ఆ గుండ్రటి దస్తూరీ, పొడుగ్గా సాగే కొమ్ములు, పైకి ఎగిరిపోయే తలకట్లు ఆమెకు తెలుసు. వారం వారం హాస్టలు నుంచి వచ్చే ఉత్తరాల్లో, దిండు కింద పెట్టుకొని పదిసార్లు చదివే ఉత్తరాల్లో, "ప్రియమైన అవ్వకు, బాపుకు" అని మొదలయ్యే దస్తూరీ అది.

ఐలవ్వ తలెత్తి కూతురికేసి చూసింది. దేవదాస్ మాస్టారు కూడా చూశాడు. సినిమాలో తాను వందసార్లు సరిచేసిన ముఖం అది, ఇప్పుడు ఎవరూ సరిచేయనక్కరలేనంత స్థిరంగా ఉంది.

"బాపుకు తెల్వకుంట ఏం చెయ్యలే అవ్వా" అంది సువార్త. "రెండుసార్లు సదివి వినిపిచ్చిన. గప్పుడే ఏలు ఏసిండు."